మైకు ఉంది, మనిషి లేడు

మానవ హక్కుల ఆఫీసు పెద్దలందరికీ ఒక దర్జీ నమస్కారాలు.

మీ ఆఫీసు ఏ దేశంలో ఉందో నాకు సరిగ్గా తెలీదు. చిరునామా ఇచ్చిన ప్లీడరు గుమాస్తా, "రాసి చూడు, పోయేదేముంది, స్టాంపు తప్ప" అన్నాడు. అందుకని రాస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు గానీ ఈమధ్య నా ఫోను నాకంటే ముందు వేరేవాళ్లు వింటున్నారని అనుమానం.

బస్టాండు వెనక వీధిలో నా కుట్టుమిషను కొట్టు. నాకున్నది ఒక్కడే తమ్ముడు. మైకుసెట్టు అద్దెకిస్తాడు. పెళ్లికైనా వాడే, చావుకైనా వాడే, ఓట్లకైనా వాడే. మైకులో ఎవరేం మాట్లాడినా వాడికి పట్టదు. చివరి వరసకి వినబడుతోందా లేదా, అంతే వాడి బాధ. పోయిన నెల, ఫ్యాక్టరీకి భూములు పోయినవాళ్లు మీటింగు పెట్టుకుని వాడి మైకు అడిగారు. ఇచ్చాడు. అందులో ఎవరో పోలీసుల్ని నాలుగు మాటలు అన్నారట. అన్నవాళ్లు గోడ దూకి పారిపోయారు. మావాడు వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు. మైకుతోపాటు వాణ్నీ జీపెక్కించారు.

అప్పటినుంచి స్టేషను చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతున్నాను. ఇన్‌స్పెక్టరు, "నీ తమ్ముణ్ని మేం తేలేదు. అసలు చూడనేలేదు" అంటాడు. ఆయన బల్ల పక్కనే మావాడి మైకుసెట్టు కూర్చుని ఉంది. మరి ఇదేమిటండీ అంటే, "రోడ్డు మీద దొరికింది. ఎవరిదో" అంటాడు. మైకు ఉంది, మనిషి లేడు. ఇదేం న్యాయమని అడిగే దిక్కు ఇక్కడ లేదు. మీరైనా అడగండి.

ఇట్లు,
కంటిమీద కునుకు లేని ఒక అక్క

తా.క.: ఆ మైకుకో పిచ్చి ఉంది. నల్లమీట నొక్కిపట్టుకుని పెట్టె నెత్తిన అరచేత్తో గట్టిగా ఒకటిస్తేగానీ పలకదు. ఆ సంగతి మావాడికి తప్ప ఎవరికీ తెలీదు. మొదట్లో పోలీసులు ఎంత తిప్పినా అది కిక్కురుమనలేదు. నిన్న ఇన్‌స్పెక్టరు అందులో "హలో, హలో" అన్నాడు. ఆ హలో వీధి చివరిదాకా వినిపించింది. నేను మిషను ఆపేసి ఏడ్చాను. ఆ దెబ్బ వెయ్యడం వాళ్లకి నేర్పినవాడు లోపలే ఉన్నాడండీ. బతికే ఉన్నాడు.

*

ఫిర్యాదుదారు గారికి,

మీ ఫిర్యాదు మా సంస్థకు అందింది. ప్రస్తుతం పరిశీలనలో ఉంది. పరిశీలన అనగా చర్య అని భావించరాదు. ఈ ఉత్తరం వలన మీకు గాని, మీరు పేర్కొన్న వ్యక్తికి గాని ఎటువంటి హామీ లభించదు. మీ సహనానికి కృతజ్ఞతలు.

భవదీయురాలు,
ఇంటర్న్, ఫిర్యాదుల విభాగం

తా.క.: పైనున్నది మేం అందరికీ పంపే ఉత్తరం. దాన్ని మీ భాషలో రాసి, ముద్ర వేసి, కవరు అంటించడం నా పని. మైకు సంగతి చదివి మా మేడం దగ్గరికి పరుగెత్తాను. "మనిషి బతికున్నాడనడానికి మైకు సాక్ష్యం కాదు" అన్నారు. నాకైతే అంతకన్నా సాక్ష్యం ఏముంటుందనిపించింది. దయచేసి నన్ను పెద్ద ఆఫీసరు అనుకోకండి. మొన్ననే కాలేజీ చదువు ముగించి, పని నేర్చుకోవడానికి ఇంత దూరం వచ్చాను.

*

ఇంటర్నుగారికి దర్జీ నమస్కరించి,

ఉత్తరం అందింది. ప్రాణం లేచొచ్చింది. అటు తిప్పి ఇటు తిప్పి చదివితే అందులో ఏమీ లేదని అర్థమైంది. అయినా ఫర్వాలేదు. ఎంత మందం కాగితమండీ! పైన నీలం బొమ్మ, కింద గుండ్రటి ముద్ర. చేత్తో పట్టుకుంటే నాకే కొంచెం భయమేసింది. తా.క. ఉన్న ముక్క కత్తిరించి దాచుకుని, పైముక్క పట్టుకుని స్టేషనుకి వెళ్లాను.

రోజూ గేటు దగ్గరే కసిరి పంపే కానిస్టేబులు ముద్ర చూసి పక్కకి తప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరు పైనుంచి కిందిదాకా చదివి, మీ సంతకం దగ్గర ఆగాడు. "ఇంటర్నా?" అన్నాడు. మళ్లీ చూశాడు. "ఈ అమ్మాయి నీకేమవుతుంది?" అన్నాడు. నా నోట్లోంచి ఎలా వచ్చిందో గానీ, "మా పెద్దమ్మ మనవరాలండి" అనేశాను.

అంతే, మనిషి మెత్తబడిపోయాడు. టీ తెప్పించాడు. "ఒకసారి లోపల వెతికిస్తాను, ఉన్నాడేమో" అన్నాడు. మా తమ్ముడేమన్నా తాళంచెవా, జేబులు తడుముకుంటే దొరకడానికి! నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఒక్కటి చెప్పండి. ఇంటర్ను అంటే కలెక్టరుకన్నా పెద్దా, చిన్నా? తెలిస్తే దాన్నిబట్టి మాట్లాడతాను. ఇంకో ఉత్తరం వెంటనే పంపండి. లోపల ఏం రాసినా సరే, ముద్ర మాత్రం నిండుగా పడాలి.

ఇట్లు,
మీ ఉపకారం మరిచిపోని దర్జీ

తా.క.: ఈ ఇన్‌స్పెక్టరు ప్యాంట్లు నడుం దగ్గర వదులు చేసేది నేనే. ఇన్నేళ్లలో ఆయన నన్ను కుర్చీలో కూర్చోమనడం ఇదే మొదలు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. అయినా దిగబుద్ధి కాలేదు.

*

దర్జీ అక్కగారికి నమస్కారం.

అక్కగారూ, దయచేసి నన్ను చుట్టాన్ని చేయకండి. ఫిర్యాదు చేసినవాళ్లతో మాకు ఎలాంటి బంధుత్వమూ ఉండకూడదని ఇక్కడ గట్టి రూలు. నేను కలెక్టరుకన్నా పెద్దా అని అడిగారు. నా బల్లకి సొరుగు కూడా లేదు. ఫోటోకాపీ మిషను పక్కన కూర్చుంటాను. అది వేడెక్కినప్పుడల్లా లేచి నిలబడతాను.

కానీ మీ ఉత్తరం చూసి మేడం పొంగిపోయారు. అందర్నీ పిలిచి, "మన ఒత్తిడి పనిచేసింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏ ఒత్తిడో తెలియకపోయినా నేనూ కొట్టాను. మీ తమ్ముడి సంగతి ఈ ఏడు మా నివేదికలో విజయగాథగా వేస్తారట. ముద్ర నిండుగా వేసి మరో ఉత్తరం ఇందులో పెడుతున్నాను. అందులో కూడా ఏమీ లేదు.

మీ తమ్ముణ్ని మీకు చూపించారా? ఎలా ఉన్నాడు? ఇది మాత్రం ఆఫీసు తరఫున కాదు, నేను అడుగుతున్నాను.

ఇట్లు,
ఇంటర్న్

తా.క.: నివేదికకి మీ ఇద్దరి ఫోటో కావాలంటున్నారు. పగటి వెలుతురులో తీయాలట. ఇద్దరూ నవ్వుతూ ఉంటే మంచిదట. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

*

అమ్మాయీ,

పెద్దమ్మ మనవరాలివని చెప్పాక ఇంకా "గారు" అంటే బాగుండదు. నీ రూలు నీ దగ్గరుండనీ.

చూపించారు. రెండో ముద్ర చూశాక వెనక గదిలోకి తీసుకెళ్లి చూపించారు. నేను మొదట వాడు కాదనుకున్నాను. చొక్కా నేను కుట్టిందే, కాలరు చూసి గుర్తుపట్టాను. ఆ చొక్కాలో మరొకడు కూడా పట్టేలా ఉన్నాడు. "ఒరేయ్" అంటే పలకలేదు. ఇటుపక్కకి వచ్చి పిలిస్తే తలెత్తాడు. ఎడమ చెవి పనిచెయ్యడం లేదు అమ్మాయీ. ఏం చేశారో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. చివరి వరసకి వినబడుతోందా అని జీవితమంతా చూసుకున్నవాడికి పక్కనున్న అక్క గొంతు వినబడలేదు. "మైకు తడిచేచోట పెట్టలేదు కదా?" అని మాత్రం అడిగాడు. వెధవ.

మీ మేడానికి చెప్పు, అక్కడ పగటి వెలుతురు లేదని. నవ్వు సంగతి ఆవిడే వచ్చి చూసుకోవచ్చు.

ఇప్పుడు నీకో జాగ్రత్త చెప్పాలి. ఇన్‌స్పెక్టరు నీ గురించి తెగ ఆరా తీస్తున్నాడు. ఏం చదివావు, ఎన్ని మార్కులు, నిన్ను ఎలా తీసుకున్నారు, ఇంటర్వ్యూలో ఏం అడిగారు, ఉండటానికి గది ఎవరిస్తారు, అన్నీ కావాలి. నీ మీద ఏదో కేసు బనాయించబోతున్నాడనుకున్నాను. అందుకని తెలివిగా అబద్ధం చెప్పాను. "దానికి చదువూ లేదు, సంధ్యా లేదండి. మార్కుల్లేవు, ఇంటర్వ్యూ లేదు. తెలిసినవాళ్లు ఒక మాట చెబితే తీసుకున్నారు" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఇక నీ జోలికి రాడు, నిశ్చింతగా ఉండు. ఉత్తరాలు మాత్రం ఆపకు. అవి వస్తున్నన్నాళ్లే మావాడికి రెండు పూటలా తిండి.

ఇట్లు,
మీ అక్క

తా.క.: నిన్ను చదువులేనిదానివన్నందుకు ఏమీ అనుకోకు. ప్రాణాలు కాపాడటానికి అన్నాను.

*

అక్కా,

ఇది సొంత కాగితం మీద రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెబుతాను.

మీ తమ్ముడి చెవి సంగతి చదివి నేను బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను. బయటికొచ్చాక మేడానికి ఆ ఉత్తరం ఇచ్చాను. ఆవిడ చెవి దగ్గర ఆగలేదు. ఇన్‌స్పెక్టరు నా గురించి ఆరా తీస్తున్నాడన్న చోట ఆగారు. వెంటనే భద్రతా విభాగం దిగింది. నా కంప్యూటరు మార్చారు, నన్ను కిటికీ లేని గదిలోకి మార్చారు. ఆఖరికి, "ఆ మనిషి ఉన్నాడని తేలింది, అక్క చూసింది. కాబట్టి కేసు పరిష్కారమైంది" అని రాసేసి మూసేశారు. ఇక ఆఫీసు నుంచి మీకు ఉత్తరాలు వెళ్లవు. మూసిన కేసుకి ముద్ర వెయ్యకూడదట. "పరిష్కారం కాలేదండీ, ఆయన ఇంకా లోపలే ఉన్నాడు" అన్నాను. "కనబడటంలేదని కదా ఫిర్యాదు, కనబడ్డాడు కదా" అన్నారు.

మీరు ఉత్తరాలు ఆపొద్దన్నారు. నేను ఆపడం లేదు. ముద్ర లేదు, అంతే.

ఇట్లు,
చేతకాని ఇంటర్న్

తా.క.: నన్నిప్పుడు వచ్చే ఏడాది ఇంటర్నుల దరఖాస్తులు ఏరడానికి పెట్టారు. అందరికీ మానవ హక్కులు ఊపిరేనట. నిన్న ఒకమ్మాయి దరఖాస్తుతోపాటు వాళ్ల నాన్న ఉత్తరం కూడా వచ్చింది. ఆయన పోలీసట. "నిర్బంధంలో ఉన్నవారిని నేను ఏళ్ల తరబడి దగ్గరుండి చూసుకుంటున్నాను, ఆ దయాగుణమే మా అమ్మాయికి వచ్చింది" అని రాశాడు. కింద, "మీ దగ్గర తెలిసినవారి ఒక మాట చాలని విన్నాను. ఆ మాట చెప్పినవారికి మా స్టేషను తరఫున ఏ సాయమైనా చేయగలము" అని ఉంది. ఇక్కడ అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మేడం నవ్వలేదు. లంచమిస్తానన్నట్టే అని కొట్టేయమన్నారు. కొట్టేసి, "చింతిస్తున్నాము" అని జవాబు పంపాను. ఇన్నాళ్లలో నేను చేసిన ఒక్క మంచి పని అదే అనిపించింది.

*

అమ్మాయీ,

ఆ మంచి పని ఎవరికి చేశావో తెలుసా? ఆ ఉత్తరం రాసింది మా ఇన్‌స్పెక్టరే.

ఆయనకి ఒక్కతే కూతురు, పట్నంలో చదువుతోంది. ఊళ్లో ఇంటర్ను అంటే ఏమిటో తెలిసినవాడు ఆయనొక్కడే. ఏడాదిగా ఇంట్లో అదే జపమట. మీ ముద్ర చూసి భయపడ్డాడనుకున్నాను నేను. భయం కాదు, ఆశ. ఒక మాట చాలని చెప్పి ఆ ఆశకి గాలి కొట్టింది నేనే. నా నోరు పడిపోను.

నీ "చింతిస్తున్నాము" అందిన రోజు నన్ను పిలిపించాడు. నీ తెల్లకాగితం మడత విప్పకుండానే చూపించాను. వెనక్కి తిప్పి చూసి, "ముద్ర ఏదీ?" అన్నాడు. తర్వాత కానిస్టేబులు చేత మైకుసెట్టు తెప్పించి నా కాళ్ల దగ్గర పెట్టించాడు. "నీ తమ్ముడిదేనట కదా, తీసుకుపో. ఇక్కడ మైకూ లేదు, మనిషీ లేడు. ఎప్పుడూ లేడు" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆయన అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

నేను కాళ్లు పట్టుకున్నాను. రాయడానికి సిగ్గేమీ లేదు, పట్టుకున్నాను. అప్పుడన్నాడు: "నీ పెద్దమ్మ మనవరాలికి చెప్పు. మా అమ్మాయి వెళ్తుంది, మీవాడు వస్తాడు."

తల్లీ, ఒక కుర్చీ. ఫోటోకాపీ మిషను పక్కన, సొరుగు లేని ఒక బల్ల. అక్కడ ఆ పిల్ల కూర్చుంటే మీ ఆఫీసు కూలిపోతుందా? మీ రూళ్లన్నీ మంచివే కావచ్చు. మావాడు అక్కడ ఏ గదిలో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో నాకు తెలీదు. నువ్వు ఏం చేస్తావో నాకు తెలీదు. చెయ్యి.

ఇట్లు,
అక్క

తా.క.: ఆయన ప్యాంటు ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. నడుం వదులు చెయ్యాలి. కుట్టకపోతే మావాడికేమవుతుందోనని కుట్టాను. ఇంత చక్కటి కుట్టు నా జన్మలో వెయ్యలేదు.

*

అక్కా,

చేశాను.

ముందు మేడం దగ్గరికే వెళ్లాను. కాళ్లు మీరు పట్టుకున్నారు, నేను నా గొంతు పట్టి ఉంచలేక అరిచాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు కూడా. "ఇలాంటి బేరానికి ఒకసారి ఒప్పుకుంటే అది అక్కడితో ఆగదు. మన దగ్గర ఉన్నవి సూత్రాలే, అవి పోతే ఏం మిగులుతుంది?" అన్నారు. నాకు ఆ క్షణంలో ఆవిణ్ని చూస్తే ఒళ్లు మండింది. సూత్రాలకి చెవులుండవు, కాబట్టి వాటిని ఎవరూ కొట్టలేరు.

బయటికొచ్చి, కొట్టేసిన దరఖాస్తుల్లోంచి ఆ అమ్మాయిది తీశాను. వాళ్ల నాన్న ఉత్తరం చించేశాను. "చింతిస్తున్నాము" పొరపాటున వచ్చిందని ఆమెకి రాసి, ఇంటర్వ్యూకి పిలిచేవాళ్లలో కలిపేశాను. అంతవరకే నా తప్పు. మిగతాది ఆ అమ్మాయే చూసుకుంది. మానవ హక్కుల మీద ఆసక్తి ఎందుకని మేడం అడిగితే, "మా ఇంట్లో వాటి గురించి ఎవరూ మాట్లాడరండి, అందుకే" అందట. మేడం ముగ్ధురాలైపోయారు. అందరికన్నా ముందు ఆమె పేరే రాశారు.

నేను ఇవాళ ఈ కుర్చీ ఖాళీ చేస్తున్నాను. ఇక్కడ ఉద్యోగం ఇస్తారేమోనన్న ఆశ ఉండేది. కిటికీ లేని గదిలోకి వెళ్లినప్పుడే అది పోయింది. మా ఊరి చిరునామా కింద రాస్తున్నాను. మీవాడు వస్తే ఒక్క ముక్క రాయండి. నేను చేసింది మంచో చెడో ఆ ఒక్క ముక్కని బట్టి తేల్చుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ మనవరాలు

తా.క.: నా చివరి పని ఏమిటో తెలుసా? కొత్తగా వచ్చేవాళ్లకోసం "నిర్బంధితుల కుటుంబాలతో ఎలా మాట్లాడాలి" అనే పాఠం రాయడం. ఏం రాయాలో తోచలేదు. "కూర్చోబెట్టి మాట్లాడండి" అని రాశాను.

*

తల్లీ,

వచ్చాడు. ఇన్‌స్పెక్టరు కూతురికి కబురందిన రోజే వదిలిపెట్టారు. ఇన్‌స్పెక్టరు తన జీపులోనే దింపాడు, "మనవాడే" అని భుజం కూడా తట్టాడు. మావాడు ఆ చెయ్యి పడగానే కుంచించుకుపోయాడు.

ఇంట్లో చాలా రోజులు మూల కూర్చున్నాడు. తర్వాత మెల్లగా వైర్లు విప్పి తుడవడం మొదలుపెట్టాడు. కుడి చెవి మైకుకి ఆనించి వింటాడు. నేను ఎదురుగా నిలబడి మాట్లాడితే నవ్వుతాడు. నీ గురించి చెప్పాను. "ఎవరో తెలియని పిల్ల నాకోసం అంత చేసిందా?" అన్నాడు. చేసింది మంచో చెడో అని రాశావు. వాడు నవ్వినప్పుడు నాకు ఆ ప్రశ్నే రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. పోయిన నెల పక్క ఊళ్లో బడి వార్షికోత్సవానికి మైకు కట్టడానికి వెళ్లాడు. తిరిగి రాలేదు. నేను ఆ ఊరి స్టేషనుకి పరుగెత్తుకుంటూ వెళ్లాను. అక్కడి ఇన్‌స్పెక్టరు నన్ను గేటు దగ్గర ఆపనేలేదు. ఎదురొచ్చి, కుర్చీ వేసి, టీ తెప్పించాడు. మావాణ్ని తీసుకొచ్చి చూపించాడు కూడా. ఇంకా దెబ్బ పడలేదు. "మా స్నేహితుడు అంతా చెప్పాడమ్మా. మీవాళ్ల మాటకి అక్కడ చాలా విలువట. మాకూ ఒక అబ్బాయి ఉన్నాడు" అన్నాడు.

మా పెద్దమ్మ మనవరాలు ఆ ఆఫీసు మానేసిందండీ అని మొత్తుకున్నాను. "ఉన్నవాళ్లకి రాయించు" అన్నాడు. నీ కుర్చీలో కూర్చున్న మా ఇన్‌స్పెక్టరు కూతురికి రాశాను. పాపం, మర్యాదగానే జవాబిచ్చింది. తనది మా ప్రాంతమే కాబట్టి మా కేసు తను ముట్టుకోకూడదని రూలట.

నీ చేతిలో ఏమీ లేదని తెలుసు. నీకు రాయడానికి కారణం వేరే ఉంది. ఆ అబ్బాయి ఇప్పుడే దరఖాస్తు పెట్టలేడట. డిగ్రీలో రెండు పేపర్లు ఉండిపోయాయి. పోయినసారీ తప్పాడు, అంతకుముందూ తప్పాడు. వాడు గట్టెక్కేదాకా మావాణ్ని అక్కడే ఉంచుతారు. ఏం పేపర్లండీ అని అడిగి రాయించుకున్నాను. ఒకటి అభివృద్ధి. ఇంకోటి మానవ హక్కులు.

నువ్వు అవే చదివి ఉంటావు. నీ నోట్సు ఉంటే వెంటనే పంపు తల్లీ. చేతిరాత కాస్త పెద్దగా ఉండేవి చూడు, ఆ అబ్బాయికి చదవడమంటే బద్ధకమట.

ఇట్లు,
అక్క

తా.క.: పరీక్షలు ఎండాకాలంలో. వాడు పాసవ్వాలని నేను రోజూ దండం పెట్టుకుంటున్నాను. కన్నతల్లి కూడా అంతలా పెట్టుకుని ఉండదు.